గాడుల గిన్నె పెట్టినా గుటుక్కున మింగేస్తోందా? లక్షణం చూసి కారణం పట్టండి

స్లో ఫీడర్ అంటే కుక్కలూ పిల్లులూ ఆబగా మింగకుండా నెమ్మదిగా తినేలా చేసే గాడుల గిన్నె. అది చేసే పని ఒక్కటే. అడుగు నుంచి లేచిన గట్ల మధ్య తిండి ఇరుక్కుంటుంది కాబట్టి నోటినిండా ఒకేసారి దొరకదు. అది డ్రై ఫుడ్ గుళికల కోసం తయారైన వస్తువు. దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు మన ఇళ్ళల్లో కుక్కకి పెట్టేది చికెన్ కలిపిన అన్నం, పెరుగన్నం, చోడి (రాగి) అంబలి. పిల్లికి చేప ముక్కతో అన్నం. గిన్నె పనిచేయడం లేదన్న గొడవ ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

ముందు ఫోన్‌లో టైము చూడండి. 5 కిలోల కుక్క మామూలు గిన్నెలో 50 గ్రాముల గుళికలు నిమిషంలోపే ఊడ్చేస్తుంటే వేగం ఎక్కువే. గాడుల గిన్నెలో అదే తూకానికి 5 నుంచి 10 నిమిషాలు పడితే చాలు. 20 నిమిషాలు దాటితే దానికి విసుగొస్తుంది, గిన్నె మీద పగ పడుతుంది.

తిన్న కాసేపటికే బయటికి వచ్చేస్తోంది

వచ్చినదాన్ని ఒకసారి చూడండి. గుళికలు గుళికల్లాగే, అన్నం అన్నంలాగే, కొన్నిసార్లు గొట్టం ఆకారంలో, పొట్ట ఎగదోయకుండా జారి వస్తే అది కడుపు దాకా సరిగా వెళ్ళని తిండి. వేగంగా తినేవాటిలో కనిపించేది ఇదే, గాడుల గిన్నె తగ్గించేదీ దీన్నే. పొట్ట ముడుచుకుంటూ, ఓకరిస్తూ, పసుపు నీళ్ళతోనో సగం అరిగిన తిండితోనో వస్తే అది వాంతి. దానికి గిన్నె మార్చి లాభం లేదు.

మొదటి రకమైతే పూటకి పెట్టేదాన్ని రెండు వాయిలు చేసి, మధ్య 15 నిమిషాలు ఆగండి. నెమ్మదిగా తిన్నా రోజూ అలాగే జారి వస్తుంటే అన్నవాహికలో తేడా ఉండొచ్చు, డాక్టరుకి చూపించాలి. పొట్ట ఉబ్బి, ఓకరిస్తున్నా ఏమీ బయటికి రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. చిన్న కుక్కల్లో ఇది అరుదు, కానీ వస్తే గంటల్లో ప్రాణం పోతుంది. పశువుల డాక్టరు నంబరు ముందే ఫోన్‌లో ఉంచుకోండి.

గాడులున్నా వేగం తగ్గలేదు

తొంభై పాళ్ళు తిండి గట్ల మీదికి పోగుపడి ఉంటుంది. కుక్క పైపొర ఊడ్చేశాక గాడుల్లో మిగిలేది రెండు ముద్దలే. తిండి గట్టు అంచుకి వేలు మందం కిందే ఉండాలి. అన్నం పెట్టే ఇళ్ళల్లో ఇది మరీ కష్టం, కారణం లెక్కలోనే ఉంది. ఎదిగిన 5 కిలోల కుక్కకి రోజుకి సుమారు 370 కేలరీలు కావాలి. డ్రై ఫుడ్‌లో అది దాదాపు 100 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లో ఉండేది 130 కేలరీలే, కాబట్టి అదే శక్తికి గిన్నెడు అన్నం పడుతుంది. గుళికల కొలతకి చేసిన చిన్న గిన్నెలో అది పట్టదు. అన్నాన్ని మూడు పూటలు చేయండి, లేదా ఒక సైజు పెద్ద గిన్నె కొనండి.

గాడి మరీ వెడల్పుగా ఉన్నా వేగం తగ్గదు. మూతి మొత్తం అడుగు దాకా దిగిపోతుంటే ఆ గిన్నె దానికి పనికిరాదు. ముక్కు కొన, నాలుక దిగాలి, దవడ దిగకూడదు. కొత్తది కొనేముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. అంచున్న స్టీలు పళ్ళెం మధ్యలో బరువైన గిన్నె బోర్లించి, చుట్టూ వలయంలా తిండి పోయండి. కుక్క తిరుగుతూ తినాలి. దీంతోనే వేగం సగానికి పడిపోతే ఖరీదైన చక్రవ్యూహంలాంటి గిన్నె అక్కర్లేదు. నాగావళి ఒడ్డు నుంచి గులకరాళ్ళు తెచ్చి పళ్ళెంలో వేసేవాళ్ళూ ఉన్నారు. రాయి కుక్క నోట్లో ఏ వైపు నుంచీ పట్టనంత పెద్దది కావాలి, వేసేముందు మరిగించాలి. రాళ్ళు కొరికే అలవాటున్న కుక్కకి ఈ ఉపాయం వద్దు, పళ్ళు విరుగుతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఆబగా తింటోందంటే ఆకలి నిజమైనదేమో చూడండి. పెట్టేది తక్కువా? నులిపురుగుల మందు వేసి మూడు నెలలు దాటిందా? పదేళ్ళు దాటిన పిల్లి విపరీతంగా తింటూ బక్కచిక్కుతుంటే థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించాలి. స్టెరాయిడ్ మందులు వాడుతున్న కుక్కకీ ఆకలి పెరుగుతుంది.

అన్నం గాడుల్లో ఇరుక్కుని పులుస్తోంది

మెత్తటి అన్నం చల్లారేకొద్దీ బంకలా పట్టేస్తుంది. నాలుక అందని మూలల్లో మిగిలిన మెతుకుల మీద జిగురు పొర పేరుకుంటుంది. నీళ్ళతో కడిగితే గిన్నె శుభ్రంగానే కనిపిస్తుంది, వేలితో రుద్దితే జారుతుంది. ఆ జారుడే సూక్ష్మజీవుల పొర.

అన్నం పొడిపొడిగా వండి, పూర్తిగా చల్లార్చి, చికెన్ సన్నగా చీల్చి కలపండి. పెద్ద ముక్కలుంటే కుక్క వాటినే ఏరుకుని అన్నం వదిలేస్తుంది. పెరుగన్నం, అంబలి లోతు గాడుల్లో పోయొద్దు. వాటికి గాడులు లోతు లేని సిలికాన్ నాకుడు చాప, లేకపోతే మామూలు పళ్ళెం చాలు. పలుచగా రాసి గంటో రెండు గంటలో ఫ్రీజర్‌లో పెడితే వేసవిలో కుక్క పావుగంట నాకుతూ కూర్చుంటుంది. తడి తిండి మిగిలితే 2 గంటలకి తీసేయాలి, మే నెల ఎండల్లో గంటకే.

కడిగేటప్పుడు ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి. తర్వాత గిన్నెలు తోమే ద్రావణంతో, పాత టూత్‌బ్రష్‌తో గాడి గాడికీ తోమాలి. సబ్బు బిళ్ళ వాడితే దాని తునకలు గాడుల్లో ఉండిపోతాయి. స్టీలు పీచుతో ప్లాస్టిక్ గిన్నె తోమొద్దు, గీతలు పడి అక్కడే మురికి చేరుతుంది. బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. వానాకాలంలో తడి గిన్నెలు ఒకదాని మీద ఒకటి దొంతర పెడితే మర్నాటికే వాసనొస్తుంది.

పఖాళ (నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం) మిగిలితే కుక్కకి పోయడం అలవాటున్న ఇళ్ళకి ఒక మాట. అందులో ఉప్పు ఉంటుంది, నంజుకున్న ఉల్లిపాయ ముక్కలూ పడుతుంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల, పిల్లుల ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి, పిల్లికి ఇంకా ఎక్కువ. ఉడికించినా ఆ గుణం పోదు.

పగ్, షీ జూ, పర్షియన్ పిల్లి: దగ్గరికొచ్చి వెనక్కి పోతోంది

మూతి చదునుగా ఉన్నవాటికి లోతు గాడి అందదు. పైగా వాటి కళ్ళు ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఎత్తు గట్లకి కన్ను తగిలితే పుండు పడుతుంది. వీటికి మన వంటింట్లోనే మంచి స్లో ఫీడర్ ఉంది, ఇడ్లీ రేకు. నాలుగు గుంటల్లో పది పది గ్రాముల గుళికలు వేసి, కింద తడి గుడ్డ పరిచి పెట్టండి. రంధ్రాల అంచులు వేలికి గీసుకోకుండా నున్నగా ఉండాలి. కాస్త మూతి పొడుగున్న పొమెరేనియన్‌కి, డాక్స్‌హండ్‌కి గుంత పొంగనాల పెనం నప్పుతుంది. ఇనుప పెనమైతే బరువుకి కదలదు కూడా, కాకపోతే కడిగిన వెంటనే తుడవకపోతే తుప్పు పడుతుంది. పూత ఊడుతున్న నాన్‌స్టిక్‌ది వాడొద్దు.

పిల్లి తినడమే మానేసింది

కుక్కలా పిల్లికి ఆకలితో మొండితనం విరగదు. కొత్త గిన్నె నచ్చకపోతే పస్తుంటుంది, ఆ పస్తు దానికి ప్రమాదం. ముఖ్యంగా లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. 24 గంటలు ఏమీ ముట్టకపోతే పాత గిన్నె తిరిగి పెట్టండి, అప్పటికీ తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

అసలు మార్పు ఒక్కరోజులో చేయొద్దు. మొదటి రెండు రోజులు పాత గిన్నెలో మూడొంతులు, కొత్తదాంట్లో ఒక వంతు. వారానికి అటుది ఇటు అవ్వాలి. పిల్లి పంజాతో లాక్కుని తింటుంటే అడ్డుపడకండి, దాని పద్ధతే అది. పిల్లి సహజంగా రోజుకి చాలాసార్లు కొంచెం కొంచెం తినే జీవి. 4 కిలోల పిల్లికి రోజుకి కావాల్సిన 60, 65 గ్రాముల గుళికల్ని ఐదారు చోట్ల చిన్న మూతల్లో పెట్టినా గాడుల గిన్నె చేసే పనే జరుగుతుంది. అన్నం మాత్రమే తినే పిల్లికి మాంసంలో, చేపలో ఉండే టారిన్ అనే పోషకం అందదు, కాలక్రమంలో చూపు, గుండె దెబ్బతింటాయి. చేపో మాంసమో ఎక్కువగా, అన్నం తక్కువగా ఉండాలి.

పిల్లి గడ్డం కింద నల్ల చుక్కలు

గీతలు పడిన ప్లాస్టిక్ గిన్నెని అనుమానించండి. స్టీలుకో పింగాణీకో మార్చి రోజూ కడగండి. చుక్కలు ఎర్రబడి చీము పడితే వైద్యం కావాలి.

గిన్నె జారుతోంది, తిరగబడుతోంది

అడుగున రబ్బరు అరిగిపోయుంటుంది. తడి గోనెపట్టా మీద, గోడ మూలకి ఆనించి పెట్టండి. తలకిందులు చేసే కుక్కకి ఎత్తు అంచున్న తాంబాళంలో గిన్నె దించండి.

చీమలు

వెడల్పు పళ్ళెంలో వేలు లోతు నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె పెట్టండి. గిన్నె అంచు పళ్ళెం అంచుకి తగలకూడదు, తగిలితే చీమలకి వంతెన వేసినట్టే. చుట్టూ చీమల చాక్‌పీసు గీయొద్దు. వాటిలో తరచుగా ఉండేవి పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు, వాటిని సరిగా విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. పాదానికి అంటింది నాకితే వణుకు, మూర్ఛ వస్తాయి.

గట్లు కొరికేస్తోంది

తిండి అయిపోయాక గిన్నె అక్కడే వదిలేస్తే జరిగేది ఇదే. చివరి గుళిక అవగానే తీసేయండి. ముక్క ఊడిన గిన్నె పారేయాలి, మింగిన ప్లాస్టిక్ పేగుకి అడ్డుపడుతుంది.

గిన్నె దగ్గర గుర్రుమంటోంది

రెండు కుక్కలున్న ఇంట్లో ఒకదానికే గాడుల గిన్నె పెడితే ఈ కొత్త తలనొప్పి వస్తుంది. మామూలు గిన్నెలో తిన్నది రెండు నిమిషాల్లో ముగించి రెండోదాని మీదికి వస్తుంది. నెమ్మదిగా తినాల్సినది భయంతో మళ్ళీ మింగడం మొదలుపెడుతుంది. రెండింటినీ వేరు గదుల్లో, తలుపు మూసి తినిపించండి. ఎదురుగా కట్టేస్తే చాలదు, చూపుతోనే ఒత్తిడి పెడతాయి. మొదట ముగించినది నిద్రపోయాకో బయటికి వెళ్ళాకో తలుపు తీయండి.