రీల్‌లో సర్వపిండి చూసి ‘హెల్దీ’ అనుకునే ముందు

వంట వీడియోను మధ్యలో ఆపండి. పడ్డ ప్రతి దినుసునూ కాగితం మీద రాసి, ఇంట్లో అంతే తీసి తూచండి. వంటింటి తూకం, 15 మిల్లీలీటర్ల కొలత చెంచా ఉంటే చాలు.

పోల్చడానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ఉంది. రోజుకు 2000 కేలరీలు సరిపోయే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, పల్లీలు, నువ్వుల్లాంటివి 35, నూనె 27, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవి వండకముందు తూకాలు. ఉడికిన అన్నం తూచి 250 అనుకుంటే లెక్కంతా తప్పుతుంది. బియ్యం ఉడికాక రెండున్నర నుంచి మూడింతల బరువు తూగుతుంది.

ఇప్పుడు సర్వపిండి, అంటే గిన్నె లోపల పలుచగా అద్ది కాల్చే తెలంగాణ బియ్యప్పిండి రొట్టె. బియ్యప్పిండి 150 గ్రాములు, నానబెట్టిన శనగపప్పు 20 (నానకముందు తూకం), పల్లీలు 20, నువ్వులు 10. మూడు గిన్నెలకు అద్దితే ఒక్కోదానికి సుమారు 255 కేలరీలు, 7 గ్రాముల ప్రోటీన్. అంటే ఒక గుడ్డు కంటే కాస్త ఎక్కువ, అంతే. దీన్ని ‘హై ప్రోటీన్’ అనడం సరికాదు. గిన్నెకో చెంచా నూనె పోస్తే మరో 120 కేలరీలు కలుస్తాయి, రెండు పిండ్లకే రోజు నూనె కోటా అయిపోతుంది. కూరగాయ అయితే అసలు లేదు.

సరిదిద్దడం తేలికే. సొరకాయ 150 గ్రాములు తురిమి, ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచండి. ఊరిన నీళ్లతోనే పిండి కలపండి, చాలకపోతేనే చెంచాడు చొప్పున నీళ్లు చల్లండి. ముందే నీళ్లు పోస్తే పిండి జారి గిన్నెకు అంటుకుంటుంది, ఊడదీయడానికి మళ్లీ నూనె పోయాల్సి వస్తుంది. పక్కన కప్పు పెరుగు పెట్టుకోండి.

‘చక్కెర లేదు’ అని బెల్లం లడ్డూలు చూపిస్తే బెల్లాన్నీ తూచండి: 10 గ్రాములకు దాదాపు 40 కేలరీలు, చక్కెరంతే. జొన్న రొట్టె మంచిదే. కానీ కూర లేకుండా ఆవకాయతో తింటే రోజుకు 5 గ్రాములు దాటకూడని ఉప్పు తొందరగా నిండిపోతుంది.

ఒక్క వీడియోతో ఎవరి తిండీ తేలదు. అదే ఖాతాలో వరుసగా ఏడు చూసి, ఎన్నింటిలో ఆకుకూర, పప్పు, పండు ఉన్నాయో గీతలు పెట్టండి. డబ్బు తీసుకుని చేసిన ప్రచారమైతే ఆ మాట అందులో ఉండాలి, అదీ చూడండి.