సీజన్‌లో తొలి మైలు గట్టిగా పరుగెత్తడం ఎలా?

2025 ఫిబ్రవరి 13న ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో నార్వే రన్నర్ యాకొబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఇండోర్ మైలును 3 నిమిషాల 45.14 సెకన్లలో పూర్తి చేశాడు. అది ప్రపంచ రికార్డు. అంతకు ఐదు రోజుల ముందు న్యూయార్క్‌లో అమెరికా రన్నర్ యారెడ్ నుగూస్ 3:46.63తో పెట్టిన రికార్డు వారం కూడా నిలవలేదు. ఇండోర్ ట్రాక్ 200 మీటర్లే ఉంటుంది కాబట్టి మైలుకు ఎనిమిది రౌండ్లు పైచిలుకు తిరగాలి. అంటే ప్రతి 200 మీటర్లకు సగటున 28 సెకన్లు. ట్రాక్ మీద ఆ ఏడాది ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కు అదే తొలి రేసు.

తొలి రేసులోనే అంత దమ్ము ఎక్కడిది? నేను హనుమకొండలో ఆదివారం పొద్దున స్టాప్‌వాచ్ పట్టుకుని కుర్రాళ్లకు టైమింగ్ తీస్తుంటాను. వాళ్లను చూస్తూ నాకు అర్థమైన జవాబు ఒక్కటే. 400 మీటర్ల ట్రాక్ మీద మొదటి రౌండు ఎవరైనా కొడతారు, మైలు తేలేది మూడో రౌండులో. ఆ మూడో రౌండు కోసం మూడు నెలల ముందు నుంచే పని మొదలుపెట్టాలి.

మైలు మనకు పరాయి దూరమేమీ కాదు. తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో 2022 నుంచి మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5:30లోపు వస్తే పరుగుకు పూర్తిగా 60 మార్కులు. వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ వైపు ఏ ఊరి గ్రౌండుకు వెళ్లినా తెల్లవారుజామున ఆ 1600 కోసం తిరిగే పిల్లలు కనిపిస్తారు. మైలు దానికంటే 9 మీటర్ల 34 సెంటీమీటర్లే ఎక్కువ. మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సంగతి చూడండి. 2021 సెప్టెంబరులో ఇక్కడ జరిగిన జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్‌లో హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4:05.39లో పూర్తి చేసింది. 2002 బుసాన్ ఏషియన్ గేమ్స్‌లో సునీతా రాణి పెట్టిన 4:06.03 జాతీయ రికార్డు పందొమ్మిదేళ్లకు ఈ ట్రాక్ మీదే చెరిగిపోయింది. అదే హర్మిలన్ 2024లో టెహ్రాన్‌లో ఆసియా ఇండోర్ 1500 స్వర్ణం గెలిచింది. ఇక్కడ పొద్దున్నే రౌండ్లు కొట్టేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలని నాకు గట్టిగా ఉంటుంది.

1. ముందు దూరం సరిగ్గా కొలవండి

400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కొడితే 1600 అవుతుంది, మైలు కాదు. మైలు 1609.344 మీటర్లు. ఫినిష్ గీత నుంచి వెనక్కి 9.34 మీటర్లు కొలిచి, అక్కడి నుంచి బయల్దేరాలి. మేస్త్రీల దగ్గర ఉండే 30 మీటర్ల టేపు చాలు. 6 నిమిషాల వేగంలో ఆ తొమ్మిది మీటర్లకు రెండు సెకన్లు పడుతుంది.

పరుగు మొదటి లేన్‌లోనే సాగాలి. రెండో లేన్‌లో రౌండు సుమారు 407 మీటర్లు. నాలుగు రౌండ్లకు 28 మీటర్లు ఉత్తపుణ్యానికి పరుగెత్తినట్టు. పొద్దున వాకింగ్ చేసే పెద్దలు లోపలి లేన్‌లో ఉంటే విసుక్కోకుండా దూరం నుంచే "ట్రాక్" అని ఒక్క కేక వేయండి, జరుగుతారు.

ఊళ్లో ట్రాక్ లేకపోతే హైస్కూల్ గ్రౌండులో సున్నంతో 200 మీటర్ల రౌండు గీసుకోండి. ప్రొఫెషనల్స్ పరుగెత్తే ఇండోర్ ట్రాక్ కూడా సరిగ్గా అంతే. తేడా మలుపుల దగ్గర. అక్కడ ట్రాక్ సుమారు 10 డిగ్రీలు వాలుగా పైకి లేచి ఉంటుంది కాబట్టి వేగం తగ్గకుండా తిరగొచ్చు. మన గ్రౌండు చదునుగా ఉంటుంది. అందుకని మలుపులో అంగ కొంచెం చిన్నది చేసి, ఒళ్లు పిసరంత ఎడమకు వాల్చాలి. ఎప్పుడూ ఎడమవైపే తిరిగితే ఎడమ చీలమండ మీద భారం పడుతుంది. వార్మప్ రౌండ్లు ఎదురు దిశలో కొట్టండి.

2. దసరా దాటాక మూడు నెలలు మెల్లగా

వానలు తగ్గి, బతుకమ్మ, దసరా అయిపోయాక మన దగ్గర పొద్దుటి గాలి చల్లబడుతుంది. అప్పుడు మొదలుపెడితే సంక్రాంతి తర్వాత తొలి రేసుకు పద్నాలుగు వారాలు దొరుకుతాయి.

ఈ మూడు నెలల్లో ఎక్కువ భాగం మెల్లని పరుగే. మైలు కొద్ది నిమిషాల్లో అయిపోయే పోటీ కదా, వేగమే ముఖ్యం అనుకుంటారు. నిజానికి అందులో ఖర్చయ్యే శక్తిలో మూడొంతులకు పైగా ఆక్సిజన్ వాడుకుని పుట్టేదే. ఆ పునాది పెంచేది మెల్లని పరుగు. వారానికి నాలుగైదు రోజులు, రోజుకు 30 నుంచి 45 నిమిషాలు, ఒక రోజు మాత్రం గంట. పక్కన వచ్చే మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు కట్ట, కాకతీయ యూనివర్సిటీ లోపలి రోడ్లు దీనికి బాగుంటాయి. మేడారం జాతర ఉన్న ఏడాది ములుగు రోడ్డు జోలికి పోకండి. బస్సులు, జీపులు రాత్రీపగలూ నడుస్తాయి.

వారంలో ఒక రోజు మాత్రం కొంచెం గట్టిగా: 8 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు జాగింగ్, ఇలా మూడుసార్లు. మాట నాలుగైదు పదాలకే తెగిపోవాలి, కానీ ఆగిపోవాలనిపించకూడదు. ఇంగెబ్రిగ్ట్‌సెన్ సోదరుల శిక్షణకు వెన్నెముక ఇదే. హద్దు దాటి ఎక్కువ కష్టపడుతున్నామేమోనని వాళ్లు మధ్యమధ్యలో రక్తపు చుక్క తీసి లాక్టేట్ (గట్టిగా కష్టపడ్డప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) కొలుచుకుంటారు. మనకు ఆ మీటర్ అక్కర్లేదు. మూడో 8 నిమిషాల్లో వెళ్లిన దూరం మొదటిదానికంటే తగ్గిందా? తగ్గితే ముందు ఎక్కువ వేగంగా పోయారన్నమాట.

ఫిబ్రవరిలో ఒక జాగ్రత్త. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి లారీలు రావడం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల గాలిలోనే కారం ఉంటుంది. ఒకసారి అటు గట్టి పరుగు పెట్టుకున్నాను. రెండో కిలోమీటరుకే గొంతు మండి, దగ్గుతో రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. ఆ నెలల్లో అటువైపు వద్దు.

3. చివరి ఐదు వారాలు

ఇప్పుడు కాళ్లకు మైలు వేగం నేర్పాలి. 6 నిమిషాల మైలు లక్ష్యం అనుకుందాం. 400 మీటర్లకు 89.5 సెకన్లు, 200కి 45 సెకన్లు పడాలి. 7 నిమిషాలైతే 400కి 104, 5 నిమిషాలైతే 74.5.

మొదటి వారం 200 మీటర్లు పదిసార్లు, ఒక్కోటి 45 సెకన్లలో, మధ్యలో 200 జాగింగ్. రెండో వారం 400 మీటర్లు ఆరుసార్లు 90 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాలు. మూడో వారం 800 మూడుసార్లు, రేసు వేగం కంటే నాలుగైదు సెకన్లు నిదానంగా, మధ్యలో మూడు నిమిషాలు. ఇవన్నీ వారానికి ఒక్కసారే. మిగతా రోజులు మెల్లని పరుగు, వారానికో గట్టి పరుగు మామూలే.

నాలుగో వారం పని మాత్రం వదలొద్దు. 800 మీటర్లు సరిగ్గా రేసు వేగంతో, అంటే 2:59లో కొట్టండి. ఒక్క నిమిషం నిలబడండి. కాళ్లు ఇంకా బరువుగా ఉండగానే 400 మీటర్లు మళ్లీ అదే 89 సెకన్లలో కొట్టండి. ఆ నాలుగు వందలే రేసులో మీ మూడో రౌండు. రేసులో వచ్చే ఆ బరువు ముందే ఒకసారి ఒంటికి తెలిసి ఉంటే ఆ రోజు భయం ఉండదు.

మా దగ్గరికొచ్చే ఒక కుర్రాడు, కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అవుతున్నవాడు, మొదటిసారి 1600 కొట్టినప్పటి రౌండ్లు నా నోట్‌బుక్కులో ఉన్నాయి: 75, 92, 104, 96. మొత్తం 6:07. గీత దాటాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ముక్కు కొస నుంచి చెమట బొట్లు ఎర్ర ట్రాక్ మీద పడుతుంటే, "అన్నా, మూడో రౌండుకే దమ్ము అయిపోతాంది" అన్నాడు. అయిపోయింది మూడో రౌండులో కాదు, 75లో కొట్టిన మొదటి రౌండులో. ఆరు వారాలు పైన చెప్పిన పని చేశాడు. మళ్లీ కొడితే 88, 90, 91, 84. మొత్తం 5:53. మొదటి రౌండు 13 సెకన్లు నిదానం, చివరికి 14 సెకన్లు లాభం.

4. బూట్లు, తిండి, నిద్ర

సింథటిక్ ట్రాక్ మీద 6 మిల్లీమీటర్ల మేకులున్న స్పైక్స్ సరిపోతాయి. మట్టి గ్రౌండులో మామూలు రన్నింగ్ షూ చాలు. అధికారిక పోటీల్లో 2024 నవంబరు నుంచి ట్రాక్ బూట్ల అడుగు మందం 20 మిల్లీమీటర్లు దాటకూడదు. రోడ్డు మీద వాడే లావు అడుగు బూట్లు కుదరవు. కొత్త స్పైక్స్‌ను రేసు రోజే తొడగొద్దు. నేను ఆ తప్పు చేశాను. పిక్కలు పట్టేసి మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను. మూడు వారాల ముందు నుంచే వారానికి కాసేపు వేసుకుని అలవాటు చేసుకోండి.

తిండిలో కొత్త ప్రయోగాలొద్దు. ముందురోజు రాత్రి రోజూ తినేదే. రేసుకు రెండున్నర, మూడు గంటల ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో. సంక్రాంతి సకినాలు, అరిసెలు డబ్బాలో ఉంటాయి, రేసయ్యాక తినొచ్చు. టెన్షన్‌తో ముందురోజు రాత్రి నిద్ర పట్టకపోయినా కంగారు పడకండి. దానికి ముందటి రెండు మూడు రాత్రులు బాగా పడుకుంటే చాలు. చివరి గట్టి పని రేసుకు నాలుగు రోజుల ముందే అయిపోవాలి: 200 నాలుగుసార్లు, అంతే.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఈమధ్య జ్వరం, ఇంట్లో గుండె జబ్బు చరిత్ర, వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌కు చూపించుకోకుండా గీత దగ్గర నిలబడొద్దు. ఉద్యోగం కోసం ఒంటి మాట వినకుండా పరుగెత్తే పిల్లల్ని చూస్తే నాకు భయమేస్తుంది.

5. రేసు పొద్దున

జనవరి చలిలో ఒళ్లు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. 50 నిమిషాల ముందు స్వెటర్ తోనే పావుగంట జాగింగ్ మొదలుపెట్టండి. తర్వాత కాళ్లు ఊపడం, మోకాళ్లు ఎత్తడం లాంటివి. ఆపైన 80 మీటర్ల చొప్పున నాలుగు పరుగులు, ఒక్కోటి అంతకుముందు దానికంటే కొంచెం వేగంగా. పావుగంట ముందు రేసు వేగంతో ఒక 200. స్వెటర్ చివరి నిమిషంలోనే తీయండి.

6. రౌండు రౌండుకూ

6 నిమిషాల మైలుకు గీత దగ్గర వినపడాల్సిన టైములు ఇవి: 1:31, 3:01, 4:30, 6:00. ఒక స్నేహితుణ్ని గీత దగ్గర నిలబెట్టి గట్టిగా చదివించండి. పెద్ద రేసుల్లో వేగం నిలిపే పని పేసర్లు చేస్తారు. వాళ్లు ముందు పరుగెత్తి, సగం దాటాక పక్కకు తప్పుకుంటారు. ట్రాక్ అంచున వేగానికి తగ్గట్టు వెలిగే లైట్లు కూడా ఇప్పుడున్నాయి.

మొదటి రౌండు చాలా తేలిగ్గా అనిపిస్తుంది. పక్కవాళ్లు దూసుకుపోతారు, పోనివ్వండి. రెండో రౌండులో భుజాలు వదులుగా ఉంచి, ముందున్న మనిషి వెనకే లేన్ లోపలి అంచున ఉండండి. దాటాలంటే నిటారు దారిలోనే దాటండి, మలుపులో దాటితే అదనపు దూరం మీదే.

ఇక మూడో రౌండు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మొదటిసారి 4 నిమిషాల లోపు మైలు కొట్టినప్పుడు, ఆ 3:59.4 లోనూ అన్నిటికంటే నిదానమైన రౌండు మూడోదే, 62 సెకన్లు దాటింది. అప్పటి ట్రాక్ 440 గజాలది, అంటే సరిగ్గా నాలుగు రౌండ్లు. మొదటిది 57.5, చివరిది 59 దరిదాపుల్లో. అంతటి రన్నర్‌కే జారిన చోటు అది. అందుకే రెండో రౌండు గీత దాటగానే "ఇప్పుడు కొంచెం గట్టిగా" అని మనసులో అనుకోండి. అంత పని పెంచితేనే పాత వేగం నిలుస్తుంది. అంగ పొడవు పెంచాలని చూడకండి, చేతులు కాస్త వేగంగా ఆడిస్తే కాళ్లు వాటివెంట వస్తాయి. 200 మీటర్ల ట్రాక్ మీదైతే ఈ కష్టం అయిదు, ఆరు రౌండ్లలో వస్తుంది.

చివరి రౌండు గురించి చెప్పేదేమీ లేదు. మూడోది నిలిస్తే చివరి రౌండుకు కొట్టే గంట మోగగానే కాళ్లు వాటంతటవే లేస్తాయి.

7. గీత దాటాక

కూర్చోకండి. పది నిమిషాలు నడిచి, పది నిమిషాలు మెల్లగా జాగింగ్ చేసి, మళ్లీ స్వెటర్ వేసుకోండి. తర్వాత రెండు రోజులు మెల్లని పరుగే, రెండో రేసు రెండు మూడు వారాల తర్వాత. ఇంటికి వెళ్లేలోపే నాలుగు రౌండ్ల టైములు నోట్‌బుక్కులో రాసి, మూడోదాని కింద గీత గీయండి. మిగతా మూడింటి సగటు కంటే అది మూడు సెకన్లకు మించి నిదానంగా ఉంటే వచ్చే వారం మళ్లీ ఆ 800, నిమిషం విరామం, 400. మూడు సెకన్లలోపే ఉంటే లక్ష్యాన్ని ఐదు సెకన్లు కిందికి దించి కొత్త టైములు రాసుకోండి.