కాలేజీ ఆటల కామెంటరీ వినడం ఎలా? – 3వ పాఠం: మొగ్గును లెక్కగట్టడం

గత పాఠంలో అమెరికా కాలేజీ ఆటల కామెంటేటర్లలో ఎవరు ఎక్కడ చదివారో పట్టిక వేశాం. కర్క్ హెర్బ్‌స్ట్రీట్ ఒహైయో స్టేట్, డెస్మండ్ హోవర్డ్ మిషిగన్, గ్రెగ్ మెకల్రాయ్ అలబామా. తమ కాలేజీ వైపు మొగ్గుతారేమోనన్న అనుమానానికి ఆ పట్టిక పనికొస్తుంది, రుజువుకు చాలదు. 2015 కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్లో డ్యూక్ విశ్వవిద్యాలయం ఆడుతుంటే కామెంటరీ చెప్పిన గ్రాంట్ హిల్ డ్యూక్ పూర్వవిద్యార్థే. అంతమాత్రాన పక్షపాతం చూపాడనడం అన్యాయం. మాటలు లెక్కపెట్టాకే తేల్చాలి.

ముందుగా, మీరు వింటున్నది ఏ ప్రసారమో చూసుకోండి. జట్టు సొంత రేడియోలో ‘మనవాళ్లు’ అనడం తప్పు కాదు, అక్కడ పనే అది. 2014 ఫైనల్ ఫోర్‌లో (కాలేజీ బాస్కెట్‌బాల్ సెమీఫైనళ్లలో) మామూలు ప్రసారం టీబీఎస్‌లో వచ్చింది. టీఎన్‌టీ, ట్రూటీవీల్లో ఒక్కో జట్టు అభిమానుల కోసం వేరే కామెంటరీ పెట్టారు. సంగతి తెలియక ఆ ఛానళ్లు పెట్టినవాళ్లు ఇంత ఏకపక్షమా అని మండిపడ్డారు.

ఇప్పుడు రికార్డు చేసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో ఒక క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) తీసుకోండి. గడియారంలో 15 నిమిషాలే అయినా టీవీలో అంతకు ఎన్నో రెట్లు సాగుతుంది. 20 గజాల పరుగు వచ్చిందనుకోండి. ‘ఎంత చక్కగా తప్పించుకున్నాడు!’ అనొచ్చు, ‘డిఫెండర్ ట్యాకిల్ వదిలేశాడు’ (పట్టి పడేయలేకపోయాడు) అనొచ్చు. రెండూ నిజమే కావచ్చు. అందుకే పొగడ్తలను కాదు, ఘనత ఎవరికి దక్కిందో రాయాలి. రెండు జట్లకూ చెరో రెండు గడులు గీయండి: సొంత ప్రతిభ, ఎదుటివాడి పొరపాటు. ఒక జట్టు లాభాలన్నీ మొదటి గడిలో, రెండోదాని లాభాలన్నీ రెండో గడిలో పడుతుంటే మొగ్గు ఉన్నట్టే.

తొందరపడి పేరు పెట్టకండి. మాజీ క్వార్టర్‌బ్యాక్‌లు (జట్టులో బంతి విసిరే ఆటగాళ్లు) చాలామంది ఏ జట్టు పాస్‌నైనా మెచ్చుకుంటారు. అది ఆడిన స్థానం మీది ప్రేమ, చదివిన కాలేజీ మీది కాదు. అదే వ్యక్తి వేరే రెండు జట్ల ఆటలో ఏమన్నాడో చూస్తే తేడా తెలిసిపోతుంది. తన కాలేజీ మీద అందరికంటే కఠినంగా ఉండేవాళ్లూ ఉంటారు. అదీ మొగ్గే, తిరగేసిన మొగ్గు.

పెనాల్టీ ఫ్లాగ్ (తప్పు జరిగిందని రిఫరీ విసిరే గుడ్డ) పడగానే శబ్దం కట్టేయండి. రీప్లే చూసి మీ నిర్ణయం రాసుకున్నాకే వెనక్కి వెళ్లి వినండి. ముందే వింటే కన్ను ఆ మాట వెంటే పోతుంది.

అసలు చిక్కు వినేవాళ్లతోనే. 1951 డార్ట్‌మత్–ప్రిన్స్‌టన్ ఆట ఫిల్మును రెండు కాలేజీల విద్యార్థులకూ చూపించి, ఆటగాళ్ల తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు తప్పులు ప్రిన్స్‌టన్ వాళ్లకు సగటున 9.8 కనిపిస్తే, డార్ట్‌మత్ వాళ్లకు 4.3. ఫిల్ము ఒక్కటే! కాబట్టి ఈ లెక్క ఒక్కరే చేయకండి. మీ అబ్బాయి మిషిగన్‌లో చదువుతుంటే, ఒహైయో స్టేట్‌లో పిల్లలున్న స్నేహితుణ్ణి రెండో కాగితం పట్టమనండి. ఇద్దరి గుర్తులూ కలిసిన వరుసలే ఉంచి మిగతావి కొట్టేయండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: ఒకే కామెంటేటర్, మూడు ఆటలు, ఒక్కోదానిలో రెండో క్వార్టర్.