ఆంకా రిపోర్టు చదవడం – 3వ పాఠం: ‘పి-ఆంకా పాజిటివ్’ అని రాసి ఉంటే

ఆంకా అంటే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల్లోని ప్రోటీన్లకు ఎదురుతిరిగే యాంటీబాడీలు. కొన్ని రక్తనాళాల వాపు జబ్బుల్లో ఇవి కనిపిస్తాయి. స్లైడు మీద కేంద్రకం చుట్టూ మెరిస్తే పి-ఆంకా, కణద్రవ్యమంతా మెరిస్తే సి-ఆంకా. కిందటి పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. పి-ఆంకా కనిపించిన రక్తాన్నే, న్యూట్రోఫిల్ కణాలను ఇథనాల్‌తో కాకుండా ఫార్మలిన్‌తో బిగించిన స్లైడు మీద వేస్తే ఏం కనిపిస్తుంది? సాధారణంగా సి-ఆంకాలాగే కణద్రవ్యమంతా మెరుస్తుంది. రోగీ మారలేదు, యాంటీబాడీ మారలేదు, మారింది స్లైడు తయారీ ఒక్కటే.

కారణం ఇది. పి-ఆంకా సాధారణంగా గురిపెట్టే ఎంపీవో (మైలోపెరాక్సిడేజ్) అనే ఎంజైము ఉండేది కణద్రవ్యంలోని రేణువుల్లో. ఇథనాల్ తగలగానే ఆ రేణువుల పొర దెబ్బతింటుంది. ఎంపీవోకి ధన విద్యుదావేశం ఎక్కువ కాబట్టి రుణావేశం ఉన్న కేంద్రకం వైపు జరిగి దాన్ని అంటుకుంటుంది. ఫార్మలిన్ అయితే ప్రోటీన్లను ఉన్నచోటే కట్టిపడేస్తుంది. అంటే కేంద్రకం చుట్టూ కనిపించే ఆ మెరుపు మనం ల్యాబ్‌లో చేసుకున్నదే. నేను మొదటిసారి చదివినప్పుడు ఇది నమ్మబుద్ధి కాలేదు.

లూపస్ రోగుల్లో ఉండే ఏఎన్ఏ (కేంద్రకానికి ఎదురుతిరిగే యాంటీబాడీ) కూడా కేంద్రకాన్నే వెలిగిస్తుంది. హడావిడిలో చూస్తే అదీ పి-ఆంకాలాగే ఉంటుంది. మెరుపును బట్టి వీధి తెలిసిందే గానీ ఇల్లు తెలియలేదు. అంటే యాంటీబాడీ ఏ ప్రోటీను మీదో తేలలేదు. అందుకే పీఆర్3 (సి-ఆంకా సాధారణంగా గురిపెట్టే ప్రోటీను), ఎంపీవో పరీక్షలు విడిగా కావాలి. 1999 నాటి అంతర్జాతీయ ఒప్పందం ముందు మెరుపు చూసి, తర్వాత ఎలైజాతో (ఏ ప్రోటీను మీద యాంటీబాడీ ఉందో కొలిచే పరీక్ష) ఖాయం చేసుకోమంది. 2017లో సవరించి, నాణ్యమైన పీఆర్3, ఎంపీవో పరీక్షలనే మొదట చేయొచ్చంది. రిపోర్టులో ‘పి-ఆంకా పాజిటివ్’ అని మాత్రమే ఉంటే ఆ రెండు పరీక్షలూ అడగండి.

ఆంకాతో ముడిపడ్డ రక్తనాళాల వాపు జబ్బులు మూడు: జీపీఏ, ఎంపీఏ, ఈజీపీఏ. పీఆర్3 ఎక్కువగా జీపీఏలో, ఎంపీవో ఎక్కువగా ఎంపీఏలో కనిపిస్తాయి. ఈజీపీఏ రోగుల్లో సగానికి పైగా ఆంకా నెగటివే. కాబట్టి నెగటివ్ వచ్చిందని జబ్బు లేదనుకోకూడదు.

ఇప్పుడు అభ్యాసం. ఇద్దరు రోగులు, ఇద్దరికీ పీఆర్3 పాజిటివ్.

మొదటాయనకి నెలల తరబడి దగ్గు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తిలో గుల్ల. టీబీ మందులు వాడినా తగ్గలేదు, కళ్లెలో బ్యాక్టీరియా దొరకలేదు. ముక్కులోంచి రక్తం, మూత్రంలో రక్తం, ప్రోటీను. పీఆర్3 కటాఫ్‌కి (పాజిటివ్ అనే హద్దుకి) ఎన్నో రెట్లు. జీపీఏని గట్టిగా అనుమానించాల్సిందే. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ఇలాంటివాళ్లకు జబ్బు తేలేసరికి ఆలస్యమవుతుంది.

రెండో ఆమెకి మూడు వారాల జ్వరం, గుండెలో కొత్త మర్మర్ (అదనపు శబ్దం), పీఆర్3 కటాఫ్‌కి కాస్త పైన. ఇక్కడ స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్, ఎకో చేయించాలి. గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లోనూ ఆంకా పాజిటివ్ రావచ్చు. అప్పుడు రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తే ప్రాణం మీదికి వస్తుంది. టీబీలో కూడా పాజిటివ్ రావచ్చని గుర్తుంచుకోండి. వాడుతున్న మందులూ అడగండి. థైరాయిడ్‌కి ఇచ్చే ప్రొపైల్‌థయోయురాసిల్, బీపీకి ఇచ్చే హైడ్రలజిన్ వల్ల ఎంపీవో పాజిటివ్ కావచ్చు.

వచ్చే పాఠం చికిత్స మొదలయ్యాక పీఆర్3, ఎంపీవో అంకెను ఎలా గమనించాలన్నది. అందాకా ఒకటి పాటించండి: పాత రిపోర్టుతో పోల్చాలంటే అదే ల్యాబ్, అదే కిట్ అయి ఉండాలి.

ఇంటిపని: జీపీఏ తగ్గిన ఒకరికి ఏడాదిన్నరగా పీఆర్3 నెగటివ్. ఈ నెల పాజిటివ్ వచ్చింది. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, మూత్రం బాగుంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) మారలేదు. మందు పెంచుతారా? లేదంటే మళ్లీ ఎప్పుడు రమ్మంటారు, అప్పుడు ముందుగా ఏం చూస్తారు?