"ఇంటికి పోదాం" అంటే వాదించకండి: అల్జీమర్స్ ఉన్న అమ్మను చూసుకోవడం

మతిమరుపు మొదలవగానే వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకండి. న్యూరాలజిస్ట్‌కి చూపించి బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి, వాటి వల్ల వచ్చే మతిమరుపైతే మందులతో తగ్గొచ్చు. అల్జీమర్స్‌ని నయం చేసే మందు మాత్రం లేదు, డోనెపెజిల్ లాంటివి కొందరికి కొంతకాలం ఊరటనిస్తాయి, అంతే.

మొదటి దశలో మనిషి బాగానే కనిపిస్తారు. ఆ టైమ్ పోగొట్టుకోకండి. ఎఫ్‌డీలు, నామినీలు, వీలునామా, అన్నీ ఆవిడ తన నోటితో చెప్పగలిగినప్పుడే తేల్చుకోండి.

అసలు పరీక్ష మధ్య దశ. సాయంత్రం 5 అయ్యేసరికి మా అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది, "చీకటి పడుతోంది, ఇంటికి పోదాం పద" అని. ఇదే మన ఇల్లమ్మా అని నెల రోజులు వాదించాను, గోడ మీద ఫొటోలు చూపించాను, ఒకరోజు అరిచాను కూడా. ఆవిడ అడిగేది పుట్టిల్లని నాకు వెలగడానికి అన్నాళ్లు పట్టింది. ఆ తర్వాత "సరే, టీ తాగి బయల్దేరదాం, ఈలోపు ఇవి పీచు తీసిపెట్టు" అని చిక్కుడుకాయలు ముందు పెట్టేదాన్ని. పీచు గిన్నెలోకి, కాయలు చెత్తలోకి పోయేవి. పోతే పోయాయి, చేతులు ఆడుతున్నంతసేపు గుమ్మం గుర్తొచ్చేది కాదు. చీకటి పడకముందే లైట్లన్నీ వేసేయడం కూడా పనిచేసింది.

పనమ్మాయి గాజులు తీసిందంటే నమ్మి గొడవ పెట్టుకోకండి, అబద్ధమని అమ్మనీ నిలదీయకండి, "పద, వెతుకుదాం" అనండి. మావి బియ్యం డబ్బాలో దొరికాయి. బాత్రూమ్ లోపలి గడియ పీకేయండి, ఫోన్ నంబరు రాసిన కార్డు ఎప్పుడూ ఒంటి మీద ఉండాలి. ఒకట్రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి అయోమయం ముదిరితే జబ్బు పెరిగిందనుకోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించండి, చాలాసార్లు అది యూరిన్ ఇన్‌ఫెక్షన్.

చివరి దశలో మింగడం కష్టమవుతుంది. పడుకోబెట్టి తినిపించొద్దు, నిటారుగా కూర్చోబెట్టి మెత్తగా కలిపిన ముద్ద కొంచెం కొంచెంగా పెట్టండి, పొలమారుతుంటే డాక్టర్‌కి చెప్పండి. మంచం మీదే ఉంటే పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రి కూడా. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మీకే మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416.

అమెరికాలో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో "నేనెవరో చెప్పు" అని అడుగుతుంటాడు చూడండి, ఆ పరీక్ష ఆపించి, "అమ్మా, నేను చిన్నోణ్ణి" అని వాణ్ణే ముందు చెప్పమనండి. నెల నెలా డైపర్ల ఆర్డర్ కూడా వాడికే అప్పజెప్పండి.