లినక్స్‌లో మౌస్ కదలట్లేదా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

మౌస్ ఆగిపోతే మన వైజాగ్‌లో చాలామంది చేసేవి రెండే పనులు, ఒకటి జగదాంబ వైపు వెళ్ళి కొత్త మౌస్ కొనేస్కోడం, రెండోది ఎవరో చెప్పారని ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) మొత్తం తుడిచేసి మళ్ళీ వేస్కోడం. రెండూ తొందరపాటే అండి. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, మౌస్ గుచ్చిన సంగతి కెర్నల్‌కి, అంటే హార్డ్‌వేర్‌తో మాట్లాడే లినక్స్ అసలు భాగానికి, తెలుస్తోందా లేదా. తెలీకపోతే తప్పు దాదాపుగా వైరుదో పోర్టుదో మౌస్‌దో, ఓఎస్ ఎన్నిసార్లు వేసినా లాభం ఉండదు. తెలుస్తుంటే మాత్రం కొత్త మౌస్‌కి డబ్బులు పెట్టకుండా కాస్త ఆగండి.

మౌస్ లేకుండా ఇవన్నీ ఎలా చూస్తాం అంటారా, కంట్రోల్ ఆల్ట్ టీ మూడూ కలిపి నొక్కితే ఉబుంటు, మింట్‌లో టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే విండో, వచ్చేస్తుంది. రాకపోతే కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కండి, నల్ల స్క్రీన్ మీద లాగిన్ అడుగుద్ది, పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలు కనబడవు, అది మామూలే, కంగారు పడకండి. వెనక్కి రావడానికి ఎఫ్1, ఎఫ్2, ఎఫ్7లో ఏదో ఒకటి పనిచేస్తుంది, డిస్ట్రోని, అంటే మీరు వేస్కున్న లినక్స్ రకాన్ని బట్టి. కీబోర్డు కూడా దేనికీ పలక్కపోతే అది ఒక్క మౌస్ గొడవ కాకపోవచ్చు, సిస్టమే హ్యాంగ్ అయి ఉండొచ్చు.

ఇప్పుడు టెర్మినల్‌లో సుడో (ఎస్ యూ డీ ఓ, అడ్మిన్ హక్కులతో నడపమని) అని కొట్టి, స్పేస్ ఇచ్చి, డీ ఎమ్ ఈ ఎస్ జీ, మళ్ళీ స్పేస్, హైఫన్, చిన్న డబ్ల్యూ. కెర్నల్ పాత మెసేజీలన్నీ గబగబా వచ్చి ఆగుతాయి. అప్పుడు మౌస్ పీకండి, కొంచెం ఆగి మళ్ళీ గుచ్చండి. కొత్త యూఎస్‌బీ డివైస్ దొరికిందని, కంపెనీ పేరుతో సహా లైన్లు పడ్డాయా, అయితే కెర్నల్ దాన్ని చూసింది. ఒక్క లైన్ కూడా పడకపోతే వైరింగ్ వైపు వెళ్ళాలి. మైనస్ 71 అనో మైనస్ 110 అనో ఎర్రర్ పడితే కూడా ముందు కేబులు, పోర్టు, హబ్‌నే అనుమానించండి.

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఉప్పుగాలి సంగతి నేను చెప్పక్కర్లేదు, కిటికీ ఊచలకి పట్టే తుప్పు యూఎస్‌బీ పోర్టు లోపల రేకులకి కూడా పడుతుంది, బయటికి బానే కనబడుద్ది గానీ లోపల కాంటాక్ట్ ఉండదు. పవర్ పూర్తిగా తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, బాగా ఆరాకే ఆన్ చెయ్యండి. పిన్నీసులు, సూదులు మాత్రం పెట్టొద్దు ప్లీజ్, షార్ట్ అయితే బోర్డే పోతుంది. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ముందు పోర్టుల్ని నమ్మకండి, అవి లోపల వైరు మీద ఆధారపడతాయి, అది లూజ్ అవడం చాలా చోట్ల ఉండేదే, వెనక మదర్‌బోర్డుకి నేరుగా ఉన్న దాంట్లో గుచ్చండి. అదే మౌస్‌ని ఇంకో సిస్టమ్‌కి పెట్టి కూడా చూస్తే మౌస్ సంగతి తేలిపోద్ది.

వైర్‌లెస్ అయితే బ్యాటరీ, కింద స్విచ్, ఇవి ఎలాగూ చూస్తారు. చాలామందికి తెలీనిదేంటంటే యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుల్స్ నుంచి వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుంది, రిసీవర్ పనిచేసేదీ అక్కడే. ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద ఒక పేపర్ ఇచ్చారు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నుంచి కాపీ అవుతున్నప్పుడే కర్సర్ ఎగిరెగిరి ఆగుతుంటే ఇదే అనుకోండి, రిసీవర్‌ని దూరంగా ఇంకో పోర్టులో పెట్టండి లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు వేసి పక్కకి తెచ్చేయండి. బ్లూటూత్ మౌస్ రీస్టార్ట్ తర్వాత కలవకపోతే, పాత పెయిరింగ్ తీసేసి టెర్మినల్‌లో బ్లూటూత్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్‌లో పెయిర్ చేశాక ట్రస్ట్ కూడా కొట్టండి, చాలామంది ఆ ట్రస్టే వదిలేస్తారు.

సరే, కెర్నల్ చూస్తోంది, కర్సర్ మాత్రం కదలట్లేదు. అప్పుడు ఈవీటెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి సుడోతో నడపండి, లిస్టులో మౌస్ నంబర్ ఇచ్చి మౌస్ కదపండి. నంబర్లు జలజలా పడుతుంటే మౌస్ బానే ఉంది, గొడవంతా పైన డెస్క్‌టాప్‌లో ఉంది. పడకపోతే సెన్సార్ వైపు చూడాలి, గాజు టేబుల్ మీద పెట్టారేమో, కింద ఒక పేపరేసి చూడండి.

డెస్క్‌టాప్ గొడవ అని తేలితే కొత్త యూజర్ ఒకటి క్రియేట్ చేసి దాంట్లో లాగిన్ అవ్వండి, అక్కడ కదిలితే మీ యూజర్ సెట్టింగ్స్‌లో ఏదో తేడా. తెర మీద బొమ్మ చూపించే సిస్టమ్ లినక్స్‌లో ప్రధానంగా రెండు రకాలు, ఎక్స్‌ఆర్గ్, వేలాండ్. మీది ఎక్స్‌ఆర్గ్ సెషన్ అయితే టెర్మినల్‌లో ఎక్స్‌ఇన్‌పుట్ లిస్ట్ అని కొట్టి మౌస్ నంబర్ చూసి, ఎక్స్‌ఇన్‌పుట్ ఎనేబుల్ అని ఆ నంబర్ ఇవ్వండి. వేలాండ్‌లో ఈ పద్ధతి కుదరదు, అక్కడ సెట్టింగ్స్ నుంచే చూస్కోవాలి.

కాసేపు వదిలేస్తే మౌస్ నిద్రపోయి, క్లిక్ చేస్తే గానీ లేవట్లేదు అంటే అది ఆటోసస్పెండ్, పవర్ ఆదా కోసం వాడని యూఎస్‌బీ డివైస్‌ని సిస్టమే పడుకోబెట్టడం. పవర్‌టాప్ అనే పవర్ ఆదా ప్రోగ్రామ్‌లో ఆటోట్యూన్ పెట్టిన ల్యాప్‌టాప్‌లలో ఇది బాగా వస్తుంది, అది తీసేస్తే చాలావరకు సెట్ అయిపోద్ది. టచ్‌ప్యాడ్ ఆగితే ముందు ఎఫ్ఎన్‌తో కలిపి నొక్కే టచ్‌ప్యాడ్ ఆపే కీ పొరపాట్న తగిలిందేమో చూడండి. అప్‌డేట్ వచ్చాకే మొదలైతే బూట్ టైంలో గ్రబ్ మెనూలో (దేంతో ఎక్కాలో ఎంచుకునే లిస్టు) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకెళ్ళి పాత కెర్నల్‌తో ఎక్కండి, అందులో పనిచేస్తే తప్పు కొత్త కెర్నల్‌దే, సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా పాతదాంట్లోనే ఉండొచ్చు.

ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటిదే ఇంకో ఓఎస్) వాడేవాళ్ళకి లెక్క ఇదేగానీ పేర్లు వేరు, యూఎస్‌బీకాన్ఫిగ్ కొడితే గుచ్చినవన్నీ కనబడతాయి, మౌస్‌ని చూస్కునే సర్వీస్ మౌస్‌డీ, అది నడుస్తోందో లేదో చూడండి.

ఇవన్నీ చేసినా తేలకపోతే ఎవర్నైనా అడిగేటప్పుడు ఉత్తినే మౌస్ పనిచెయ్యట్లేదు అనకుండా, గుచ్చినప్పుడు పడ్డ ఆ లైన్లు, డిస్ట్రో పేరు, కెర్నల్ వెర్షన్, ఎక్స్‌ఆర్గా వేలాండా అన్నది కలిపి పంపండి.