ఎనిమిది పాటల్లోనూ గొంతు ఒకేలా వినిపించాలంటే

ఇంట్లోనే తొలి ఆల్బమ్ చేసేవాళ్లకు తరచూ దెబ్బ తగిలేది ఇక్కడే. ఎనిమిది పాటలు ఆరేడు నెలల్లో పాడతారు, చివరికి వరసగా వింటే ఒక్కోదాంట్లో గొంతు ఒక్కోలా ఉంటుంది.

మైక్ స్టాండ్ కాళ్లు, మీ పాదాలు ఉండే చోట నేలకు టేపు అంటించండి. నోటికీ మైక్‌కీ మధ్య జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలి దెబ్బను ఆపే జాలీ తెర). కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైక్‌కి దగ్గరికి జరిగేకొద్దీ బేస్ ఉబ్బుతుంది. తల కదిలినప్పుడల్లా అది మారుతుంది కాబట్టి తర్వాత ఒక్క ఈక్యూ (బేస్, ట్రెబుల్ హెచ్చుతగ్గుల) సెట్టింగుతో సరిచేయలేం. 'ప', 'ఫ', 'భ' దగ్గర థప్‌మని కొడితే మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి పెట్టి, నోటివైపే తిప్పండి.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాణ్యత సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే లైను పాడుతూ మీటర్‌లో పీక్ (అన్నిటికంటే ఎక్కువ లెవెల్) మైనస్ 10 డీబీ దగ్గర ఉండేలా గెయిన్ (మైక్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెట్టి, ఆ నాబ్‌ని ఫొటో తీసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో వేసేయండి. లెవెల్ కాస్త తగ్గినా నష్టం లేదు, క్లిప్ అయితే (లెవెల్ పరిమితి దాటి శబ్దం పగిలితే) ఆ టేక్ పోయినట్టే.

గది ప్రతిధ్వని తగ్గించడానికి కట్టే బొంత మైక్ వెనకాల కాదు, మీ వీపు వెనకాల వేలాడాలి. ఆ మైక్ చూసేది అటువైపే. (గోడకి గుడ్ల ట్రేలు దండగ.) ఫ్యాన్ ఆపాక పాడేముందు పది సెకన్లు ఖాళీ గది శబ్దం రికార్డు చేసి ఉంచుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో ప్రాసెస్ చేసే శబ్దం ముక్క సైజు) పాడేటప్పుడు 128 శాంపిల్స్, మిక్సింగ్‌కి 1024.